నాలుగు ఆడ కుందేళ్లు ఒకే షెడ్డులో కొట్టుకుంటున్నాయి, ఏం చేయాలి?

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్లకూ తెలుస్తుంది. హనుమకొండలో మీ డాబా మీద రేకుల షెడ్డు. అందులో నాలుగు ఆడ కుందేళ్లు. రెండు నెలల పిల్లలుగా ఉన్నప్పుడు ఒకే షాపులో కొన్నారు. ఐదో నెల దాటేవరకు ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయేవి. ఇప్పుడు అన్నిటికన్నా పెద్దదైన తెల్లది, మీ రాణి, మిగతా మూడింటినీ తరుముతోంది. బూడిద రంగు చిట్టికి చెవి చిరిగింది, నడుం మీద బొచ్చు ఊడింది. బుజ్జి మాత్రం మగదే లేని చోట గడ్డి మోసుకెళ్లి మూలన పేర్చి, తన ఛాతీ బొచ్చు తానే పీక్కుంటోంది. పండు రోజంతా ఒక మూల నక్కి కూర్చుంటోంది. "ఆడవైతే శాంతంగా ఉంటాయన్నారు, ఇలా ఎందుకు అవుతోంది? ఒక మగదాన్ని తెచ్చి వదిలితే సర్దుకుంటాయా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఆడ కుందేళ్లను గుంపుగా పెంచొచ్చు. కానీ గర్భసంచి ఆపరేషన్ కాని నాలుగు ఆడవాటిని, ఈ వయసులో, ఇరుకు చోట కలిపి ఉంచితే గొడవలు వాటంతట అవి తగ్గవు. మగదాన్ని తేవద్దు. చిట్టిని ఇవాళే వేరు చేయండి. నాలుగింటికీ ఆపరేషన్ చేయించి, ఆ తర్వాత కొత్త చోట మొదటి నుంచి పరిచయం చేస్తే మళ్లీ కలిసి ఉండే అవకాశం బాగానే ఉంటుంది. ఆపరేషన్ కుదరకపోతే రాణిని విడిగా ఉంచి, మిగతావాటిలో కుదిరే రెండింటిని జత చేయడం మేలు.

నేను చాలా ఏళ్లు మాంసం జాతి కుందేళ్ల షెడ్డు నడిపాను. ఇప్పుడు జనం పెంచలేక వదిలేసిన ఇంటి కుందేళ్లను తీసుకుని సాకుతున్నాను. వాటిలో సగానికి పైగా "ఆడవే కదా అని రెండు కొన్నాం, చంపుకునేలా ఉన్నాయి" అని అప్పజెప్పినవే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ఎందుకు కొట్టుకుంటాయి

మనం పెంచే కుందేళ్లన్నీ యూరప్ అడవి కుందేలు సంతతి. దాని పుట్టిల్లు స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. మన చేలల్లో అడ్డంగా పరుగెత్తేది వేరే జాతి. అది బొరియ తవ్వదు, గుంపు కట్టదు. యూరప్‌ది అలా కాదు. నేలలో బొరియలు తవ్వి, కొన్ని మగవి, కొన్ని ఆడవి కలిసి బతుకుతాయి. కాబట్టి "కుందేలు ఒంటరి జంతువు, ఒక్కటే ఉంచాలి" అనేది తప్పు. తోడు లేని కుందేలు దిగాలు పడిపోతుంది. అయితే ఆ గుంపులో మెట్లుంటాయి, పెత్తనం ఉంటుంది.

ఆస్ట్రేలియాలో కుందేళ్లు పంటలకు పెద్ద బెడద కావడంతో అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓ వాటి జీవితాన్ని గట్టిగా పరిశీలించింది. ఆ సంస్థలో రోమన్ మైకిటోవిచ్ అనే శాస్త్రవేత్త 1950లు, 60లలో కంచె వేసిన ఆవరణల్లో కుందేళ్ల గుంపులను ఉంచి గమనించారు. మగవాటి వరస మగవాటిది, ఆడవాటి వరస ఆడవాటిది అని ఆ పరిశీలనల్లో తేలింది. మగవి ఆడవాటి కోసం పోట్లాడతాయి. ఆడవి పోట్లాడేది ఎక్కువగా జాగా కోసం, అంటే పిల్లలు పెట్టే బొరియ కోసం. పై మెట్టులో ఉన్న ఆడది గుంపు నడిబొడ్డున ఉన్న మంచి బొరియలో ఈనుతుంది. కింది మెట్టుది దూరంగా పోయి చిన్న గుంత తవ్వుకుని ఈనుతుంది. అక్కడ నక్కలకీ వాననీళ్లకీ పిల్లలు పోవడం ఎక్కువ. జర్మనీలోని బైరాయిట్ విశ్వవిద్యాలయంలో డీట్రిష్ ఫాన్ హోల్స్ట్ బృందం అడవి కుందేళ్లను పెద్ద ఆవరణలో ఏళ్ల తరబడి గమనించింది. పై మెట్టు ఆడవి ఎక్కువ కాలం బతికి, ఎక్కువ పిల్లల్ని వదిలాయి. అంటే రాణి చేస్తున్నది పొగరు పని కాదు. దాని ఒంట్లో హార్మోన్లు "ఈ జాగా నీది, పిల్లలు పుట్టబోతున్నాయి, మిగతావాటిని తరుము" అని చెప్తున్నాయి. అది ఆ మాట వింటోంది, అంతే.

మీకు షాపులో చెప్పింది పిల్లల వరకు నిజమే. రెండు నెలల పిల్లలు ఆడైనా మగైనా కలిసే ఉంటాయి. ఆడవి నాలుగు నుంచి ఆరు నెలల మధ్య ఈడుకు వస్తాయి, చిన్న జాతులైతే ఇంకా ముందే. సరిగ్గా అక్కడే కథ మారుతుంది. అక్కచెల్లెళ్లయినా, తల్లీ కూతుళ్లయినా మారుతుంది. నా దగ్గర ఒకే ఈతలో పుట్టిన రెండు గోధుమ రంగు ఆడవి ఉండేవి. ఒకటి పడుకుంటే రెండోది దాని మీద గడ్డం ఆనించి పడుకునేది. ఒకరోజు పొద్దున పెద్దది నోట్లో అడ్డంగా గడ్డి పరకలు పట్టుకుని, రెండు వైపులా మీసాల్లా వేలాడుతుంటే, పెట్టె వెనక మూలకు నడిచింది. పరకలు అక్కడ దించి, ముట్టెతో నొక్కి, మళ్లీ వచ్చింది. రెండో విడత మోసుకెళ్తుంటే చెల్లెలు మామూలుగానే దాని వెనకాలే ఆ మూలకు పోయింది. పెద్దది గడ్డి కింద పడేసి, గొంతులో గుర్రుమని, ముందుకు దూకి కరిచింది. చెల్లెలికి ఏం జరిగిందో అర్థం కాక చెవులు నిటారుగా పెట్టి అలాగే నిలబడిపోయింది. ఆ రోజు నుంచి వాటిని వేరుగా ఉంచాల్సి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక గానీ మళ్లీ కలపలేకపోయాను.

బుజ్జి గడ్డి మోయడం సంగతి

కుందేలుకు మిగతా పశువుల్లాగా నెలనెలా ఎద రాదు. మగది ఎక్కిన తర్వాత సుమారు 10-12 గంటలకు అండం విడుదలవుతుంది. ఒక్కోసారి ఇంకో ఆడది మీదికెక్కినా చాలు, ఒళ్లు మోసపోయి అండం విడుదల చేస్తుంది. అప్పుడు చూడి కట్టకపోయినా కట్టినట్టే ప్రవర్తిస్తుంది. ఈ ఉత్తుత్తి చూడి 16 నుంచి 18 రోజులు ఉంటుంది. చివర్లో గడ్డి మోస్తుంది, బొచ్చు పీక్కుని గూడు కడుతుంది, దగ్గరికొస్తే మన చేతినీ కరుస్తుంది. నాలుగు ఆడవి ఒకదాన్నొకటి ఎక్కుతూ ఉంటే, ఒకటి తేరుకునేసరికి ఇంకొకటి మొదలుపెడుతుంది. మీ షెడ్డులో గొడవలు ఎడతెగకుండా సాగడానికి ఇదో పెద్ద కారణం.

అయితే ఒక అనుమానం ముందు తీర్చుకోండి. నాలుగూ నిజంగా ఆడవేనా? రెండు నెలల పిల్లల్లో ఆడా మగా పోల్చుకోవడంలో పొరపాట్లు చాలా మామూలు. ఆరు నెలలకైతే స్పష్టంగా తెలుస్తుంది. ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, తోక దగ్గర రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే ఆడదానికి నిలువు చీలిక కనిపిస్తుంది, మగదానికి గుండ్రంగా గొట్టంలా బయటికి వస్తుంది. ఎండాకాలమైతే మగదానికి రెండు పక్కలా వృషణాలు కిందికి జారి కంటికే తెలుస్తాయి. చేత్తో పట్టడం అలవాటు లేకపోతే డాక్టరుతో చూపించండి. వెల్లకిలా పట్టినప్పుడు గింజుకుంటే వెనక కాళ్ల తన్నుకు దాని వెన్నే విరిగే ప్రమాదముంది.

ఒకటి మగదని తేలితే లెక్కంతా మారుతుంది. అసలు చూడి 30 నుంచి 32 రోజులు. బుజ్జి గూడు కట్టిన నాలుగైదు రోజుల్లో పిల్లలు రాకపోతే ఉత్తుత్తిదే అనుకోవచ్చు. వస్తే మాత్రం తల్లినీ పిల్లల్నీ కలిపి మిగతావాటి నుంచి వెంటనే వేరుచేయండి. ఈనిన రోజే మళ్లీ చూడి కట్టగలదు, పైగా మిగతా ఆడవి గూట్లోకి దూరి పిల్లల్ని చంపేయొచ్చు.

మగది లేకపోతే బుజ్జిని దాని పాటికి వదిలేయండి. కట్టిన గూడు రోజూ తీసి ఊడ్చేయొద్దు, మళ్లీ బొచ్చు పీకి కడుతుంది. ఆ కొద్దిరోజులు దానికో మూల, అడ్డంగా ఒక అట్టపెట్టె, పుష్కలంగా గడ్డి ఇస్తే చాలు.

మగదాన్ని ఎందుకు వద్దంటున్నాను

ఆపరేషన్ కాని మగది వస్తే నెల తిరిగేసరికి నాలుగూ ఒకేసారి ఈనతాయి. ఒక్కోదానికి ఆరేడు పిల్లలు అనుకున్నా డాబా మీద ఏమవుతుందో ఊహించండి. గూడు కట్టే చోటు కోసం ఇప్పుడున్న గొడవ పదింతలవుతుంది. ఆపరేషన్ అయిన మగది, ఆపరేషన్ అయిన ఆడది అయితే మంచి జతే. నిజానికి అన్ని జతల్లోకీ అదే తేలిగ్గా కుదురుతుంది. కానీ మీ దగ్గర ఇప్పటికే నాలుగున్నాయి, ఐదోదాన్ని తేవడం మందు కాదు. ఆపరేషన్ అయిన మగదానిలో కూడా కొన్ని వారాల వరకు వీర్యం మిగిలి ఉంటుందని గుర్తుంచుకోండి.

ఏది మామూలు, ఏది ప్రమాదం

ఇక్కడ చాలామంది తికమకపడతారు. కాస్త తరమడం, వీపు మీదికెక్కడం, ఒక పీకు బొచ్చు పీకడం, తిండి గిన్నె దగ్గర ముట్టెతో నెట్టేయడం, ఇవన్నీ మెట్టు తేల్చుకోవడంలో భాగమే. ఎక్కించుకున్నది చెవులు వెనక్కి వాల్చి నేలకు అతుక్కుపోతే లేదా పక్కకు తప్పుకుంటే గొడవ అక్కడితో ముగిసినట్టే. ఒకటి వచ్చి తల నేలకు ఆనించి ఎదురుగా కూర్చుంటే "నా నుదురు నాకవా" అని అడుగుతోందని. రెండోది నుదురు నాకితే శుభం. పక్కపక్కన ఆనుకుని పడుకున్నాయంటే ఇంకా మంచిది.

తోక పైకి లేచి, చెవులు వెనక్కి పూర్తిగా అతుక్కుని, ఒళ్లు బిగుసుకుని ఎదురెదురుగా నిలబడితే మాత్రం వెంటనే మధ్యలో అడ్డం పెట్టండి. ఆ తర్వాత వచ్చేది ఒకదాని తోక దగ్గర ఇంకొకటి పళ్లు దించి గిర్రున తిరగడం. అది చూసినవాళ్లు మర్చిపోలేరు. రెండూ ఒకే బంతిలా కలిసిపోయి తిరుగుతుంటే బొచ్చు కుచ్చులు కుచ్చులుగా గాల్లోకి లేస్తుంది, చప్పుడు ఉండదు, వెనక కాళ్లు నేలకు కొట్టుకునే దబదబ తప్ప. క్షణాల్లో పొట్ట చీలిపోయేంత గాయాలవుతాయి. చెయ్యి మాత్రం మధ్యలో పెట్టకండి. కుందేలు పన్ను వేలి ఎముక దాకా దిగుతుంది. చీపురో, చేటో, మందపాటి తువ్వాలో వాడండి.

మీరు రాసినదాన్ని బట్టి రాణీ చిట్టీల మధ్య గొడవ ఆ గీత దాటింది. చెవి చిరగడం ఒకటైతే, నడుం మీద బొచ్చు ఊడటం రెండోది. పారిపోతున్నదాన్ని వెనకనుంచి కరిస్తే దెబ్బలు అక్కడే పడతాయి. అంటే చిట్టి లొంగిపోయినా రాణి వదలడం లేదు.

ఎందుకు వదలడం లేదు? కుందేళ్ల భాషలో "ఓడిపోయాను" అని చెప్పడమంటే దూరం జరగడం. పచ్చిక బయల్లో ఓడినది ఇరవై ముప్ఫై అడుగులు పరిగెత్తి ఆగుతుంది, గెలిచినది మేతకు తలవంచుతుంది. మీ షెడ్డులో చిట్టి పరిగెత్తితే మూడు గెంతుల్లో గోడ వస్తుంది. రాణి కళ్లకు అది ఇంకా తన జాగాలోనే, ఎదురుగానే నిలబడి ఉంది. ఓడినట్టు చెప్పుకునే దారే చిట్టికి లేదు. గుంపు పెంపకంలో ఎక్కువ గాయాలు ఇలాంటి చోటే అవుతాయి. పండు మూలన నక్కి ఉందన్నారు చూశారా, దానికి గాయం లేదు కాబట్టి బాగుందనుకోవద్దు. నెల క్రితం బరువు, ఇప్పటి బరువు పోల్చి చూడండి. కింది మెట్టులో ఉన్నది తిండి గిన్నె దాకా రాలేక నెమ్మదిగా చిక్కిపోతుంది, పైన బొచ్చు ఉండటంతో కంటికి తెలియదు. వంటింటి తక్కెడ మీద ఒక బుట్ట పెట్టి వారానికోసారి తూచడం అలవాటు చేసుకోండి.

ఈ వారం చేయాల్సినవి

చిట్టికి వేరే చోటు. బుజ్జికి దాని మూల. రాణి, పండులను కూడా ప్రస్తుతానికి జాలీ అడ్డం పెట్టి విడదీస్తేనే నాకు నిశ్చింత.

చిట్టి ఒళ్లంతా చూడండి. బొచ్చు మీద ఊదితే పాయలుగా విడిపోయి చర్మం కనిపిస్తుంది. చెవి మొదలు, కనురెప్పలు, పొట్ట, తోక కింద మర్మాంగం, వీటిని వదలొద్దు. పైకి చిన్న గాటే ఉంటుంది, లోపల పన్ను లోతుగా దిగి ఉంటుంది. ఉప్పునీటితోనో, పల్చటి టీ డికాక్షన్ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన బెటాడిన్‌తోనో కడగండి. పసుపూ నూనే కలిపి పట్టు వేయొద్దు. బొచ్చు అంటుకుపోయి లోపల చెమ్మ నిలుస్తుంది, అది నాకేస్తుంది కూడా. ఈగలు వాలకుండా చూడండి. తడి పుండు మీద ఈగ వాలితే ఒకటి రెండు రోజుల్లోనే పురుగులు పడతాయి, అది ప్రాణాంతకం.

కొన్ని రోజుల తర్వాత గాయం దగ్గర గడ్డలా తగిలితే అది చీము. కుందేలు చీము పేస్టులా గట్టిగా ఉంటుంది, పిండితే రాదు. ఇంట్లో కోయకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అమాక్సిసిలిన్ లాంటి పెన్సిలిన్ రకం మందులు నోటి ద్వారా ఎప్పుడూ ఇవ్వొద్దు. పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు చచ్చిపోయి కుందేలే పోతుంది. కుక్కలకు గోమార్లకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే కూడా కుందేలుకు విషమే. గొడవ పడిన కుందేలు టెన్షన్‌తో తిండి మానేస్తుంది. 10-12 గంటలు ఏమీ తినకపోతే, పెంటికలు పడకపోతే తెల్లారేదాకా ఆగొద్దు.

ఆపరేషన్ గురించి

ఆడ కుందేలుకు అండాశయాలు, గర్భసంచి తీసేసే ఆపరేషన్ ఐదారు నెలల నుంచి చేయొచ్చు. జాగా కోసం పెట్టే పేచీ దీనితో బాగా తగ్గుతుంది. ఉత్తుత్తి చూడి పూర్తిగా పోతుంది. ఇంకో లాభం, ఆపరేషన్ కాని ఆడవాటిలో మూడు నాలుగేళ్లు దాటాక గర్భసంచి క్యాన్సర్ చాలా ఎక్కువగా వస్తుంది. నా దగ్గరికి ముసలితనంలో వచ్చిన ఆడవాటిలో మూత్రంలో నెత్తురు కనిపించి తీసుకెళ్తే ఇదే బయటపడిన సందర్భాలు ఉన్నాయి. ఒక్క ఈ కారణానికైనా నేను చేయించమనే చెప్తాను.

ఖర్చు, భయం రెండూ ఉంటాయి, కాదనను. కుక్కలకు రోజూ ఆపరేషన్ చేసే డాక్టరు కుందేలుకు చేయగలరని అనుకోవడానికి లేదు. మత్తుమందు మోతాదు, శ్వాస గొట్టం, ఒంటి వేడి నిలపడం, అన్నీ వేరే. మంచి డాక్టరును పోల్చుకోవడానికి నేను అడిగే ప్రశ్న ఒకటే: "ఆపరేషన్‌కు ముందు ఎన్ని గంటలు పస్తు పెట్టాలి?" రాత్రంతా ఏమీ పెట్టొద్దంటే ఇంకొకరిని వెతకండి. కుందేలుకు వాంతి కాదు, దాని పేగులు ఎప్పుడూ కదులుతూ ఉండాలి, కాబట్టి పస్తు అక్కర్లేదు, మంచిది కాదు. మీ పక్కనే మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ముందు అక్కడ వాకబు చేయండి. అక్కడ కుదరకపోతే హైదరాబాద్‌లో పక్షులు, కుందేళ్లు చూసే డాక్టర్ల దగ్గరికి వెళ్లాల్సి రావొచ్చు. ఎండాకాలం పగటి ప్రయాణం మాత్రం పెట్టుకోవద్దు.

ఆపరేషన్ అయిన మర్నాడే రాణి సాధువైపోదు. హార్మోన్లు ఒంట్లోంచి పోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కొన్నిటికి ఇంకొంచెం ఎక్కువే.

మళ్లీ కలిపేటప్పుడు

ఆ నాలుగారు వారాలూ వృథా కావు. నాలుగింటినీ పక్కపక్క గదుల్లో ఉంచి, మధ్యలో రెండు జాలీలు, వాటి మధ్య మూడు నాలుగు వేళ్ల ఖాళీ పెట్టండి. ఒకే జాలీ అయితే ముక్కులు కొరుక్కుంటాయి. రోజూ ఒకదాని గదిలోకి ఇంకొకదాన్ని మార్చండి, పరుపు గడ్డి కలపండి. గడ్డంతో వస్తువుల్ని రుద్దడం, పెంటికలు చల్లడం వాటి సరిహద్దు రాళ్లు. వాసనలన్నీ కలిసిపోతే "ఇది నాది" అనే పట్టు సడలుతుంది. మేత జాలీకి అటూ ఇటూ ఆనించి పెట్టండి, ఎదురెదురుగా తింటే ఒకదాని ఉనికికి ఇంకొకటి అలవాటు పడుతుంది.

తర్వాత అసలు కలపడం. ఏ ఒక్కదానికీ పరిచయం లేని చోటులోనే చేయాలి. మీ షెడ్డులో చేస్తే రాణికి అది రాజ్యమే. కింద ఖాళీ గది, చుట్టాలింటి వరండా, ఏదైనా సరే. నున్నటి టైల్స్ అయితే గోనె పట్టాలు పరవండి, కాళ్లు జారితే భయపడి కరుస్తాయి. ముందు రెండింటిని జత చేసి తర్వాత మూడోదాన్ని తెచ్చే పద్ధతి కొందరు చెప్తారు. నా అనుభవంలో జత కుదిరినవి రెండూ ఒక్కటై మూడోదాని మీద పడతాయి. నాలుగింటినీ ఒకేసారి పెద్ద చోట వదలడమే నాకు బాగా కుదిరింది. పావుగంటతో మొదలుపెట్టి, గొడవ రాకముందే, ప్రశాంతంగా ఉన్నప్పుడే ఆపండి. నాలుగైదు రోజుల్లో సమయం పెంచుకుంటూ పోండి. కలిసి మేసి, ఒకదాన్నొకటి నాకుకుని, ఆనుకుని పడుకుంటున్నాయని నమ్మకం కుదిరాక, షెడ్డును శుభ్రంగా కడిగి, సామానంతా మార్చి, నాలుగింటినీ ఒకేసారి లోపలికి పంపండి. మొదటి రెండు రాత్రులు దగ్గర్లోనే పడుకోండి.

ఒకసారి కుదిరాక అనవసరంగా విడదీయకండి. ఒక్కదాన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఆస్పత్రి వాసనతో తెస్తే, తోటివే దాన్ని పరాయిదని కరవడం నేను చూశాను. వీలైతే దాని జోడీని కూడా బుట్టలో పెట్టి తీసుకెళ్లండి.

చోటు, సామాను

బ్రిటన్‌లోని రాబిట్ వెల్ఫేర్ అసోసియేషన్ రెండు కుందేళ్లకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు చోటు ఉండాలంటుంది. అది జతకు. మీ నాలుగింటికి షెడ్డుతో పాటు డాబాలో కొంత భాగాన్ని జాలీతో కలిపితే తప్ప చాలదు. వైశాల్యం కన్నా కూడా నేను ముందు చూసేది దారులు. ప్రతి పెట్టెకూ రెండు ద్వారాలు ఉండాలి. ఒకే ద్వారం ఉన్న పెట్టెలోకి చిట్టి దూరితే రాణి గుమ్మంలో కూర్చుంటుంది, లోపలిది ఇరుక్కుపోయినట్టే. మధ్యలో అడ్డంగా చెక్కలు, అట్టపెట్టెలు, ఎత్తు మీద ఒక బల్ల పెడితే తరిమేది కంటికి కనపడక ఆగిపోతుంది. మేత గిన్నెలు, నీళ్లు, పెంట తట్టలు నాలుగు వేర్వేరు మూలల్లో ఉండాలి, ఒకే వరసలో కాదు.

ఇంకో విషయం, మన ఎండలు. కుందేలుకు 30 డిగ్రీలు దాటితేనే కష్టం, రేకుల కింద 42 డిగ్రీలంటే చావే. పైన తాటాకో, తడిపిన గోనె పట్టానో తప్పనిసరి. గొడవలకీ ఎండకీ సంబంధం ఉంది. షెడ్డులో ఒకే చల్లటి మూల, ఒకే నీళ్ల కుండ ఉంటే రాణి అక్కడ తిష్ట వేస్తుంది, చిట్టి వేడిలో ఉండిపోతుంది. తడి కుండలు, నాపరాళ్లు నాలుగు చోట్ల పెట్టండి. ఏప్రిల్, మే నెలల్లో కలిపే ప్రయత్నాలు పెట్టుకోవద్దు.

షెడ్డు పెట్టి పెంచేవాళ్ల కోసం

న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా లాంటి జాతులు పెంచేవాళ్లు ఆడవాటిని విడివిడిగా బోనుల్లో ఎందుకు పెడతారని కొందరు అడుగుతుంటారు. ఇదే కారణం. ఈడొచ్చిన ఆడవాటిని కలిపితే ఒకే పిల్లల పెట్టెలో రెండు ఈనడం, పిల్లలు నలిగిపోవడం, గాయాలు, అన్నీ వస్తాయి. దాటించేటప్పుడు కూడా ఆడదాన్నే మగదాని బోనులోకి తీసుకెళ్తాం. మగదాన్ని ఆడదాని బోనులోకి పంపితే తన జాగాలోకి వచ్చాడని కరిచి తరుముతుంది.

అలాగని ఒంటరి బోను మంచిదని నేననను. యూరప్‌లో బోనులు ఎత్తేయాలని పౌరులు 14 లక్షల మంది దాకా సంతకాలు చేస్తే, 2021లో యూరోపియన్ కమిషన్ కుందేళ్లతో సహా బోనుల పెంపకాన్ని దశలవారీగా ఆపే చట్టం తెస్తామని మాట ఇచ్చింది. ఆడవాటిని ఈనే ముందు, పాలిచ్చే మొదటి వారాల్లో విడిగా ఉంచి, మిగతా రోజులు గుంపులో పెట్టే పద్ధతిని బెల్జియం, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ లాంటి చోట్ల ప్రయత్నించారు. ప్రతిసారీ తిరిగి కలిపిన మొదటి కొద్ది రోజులు కొట్లాటలు, గాయాలు తప్పడం లేదు. దాక్కునే చోట్లు పెట్టినా పూర్తిగా ఆగలేదు. ఆపరేషన్ చేయలేని పెంపకంలో ఇది ఇంకా తేలని చిక్కు. మీది ఇంటి పెంపకం కాబట్టి మీకు ఆపరేషన్ అనే దారి ఉంది.

ఆపరేషన్ అసలు కుదరకపోతే

రాణిని ఒక్కదాన్నే విడిగా, కానీ మిగతావాటికి కనపడేలా, రెండు జాలీల అవతల ఉంచండి. మిగతా మూడింటిలో ఎవరు ఎవరిని నాకుతున్నారో కొన్ని రోజులు గమనించి ఆ రెండింటిని జత చేయండి. ఆ జత కూడా ఉత్తుత్తి చూడి వచ్చినప్పుడల్లా గొడవ పడొచ్చు, కాబట్టి మధ్యలో దించడానికి ఒక తలుపు సిద్ధంగా ఉంచుకోవాలి. రాణికి తోడు లేని లోటు మీరే తీర్చాలి, రోజూ నేల మీద కూర్చుని కాసేపు దాని పక్కన ఉండండి. ఎవరైనా బాగా చూసుకునే ఇల్లు దొరికితే ఒకటి రెండింటిని అక్కడికి పంపడం తప్పేమీ కాదు, వాటికి అదే సుఖం.

ముందు నాలుగూ ఆడవో కాదో తేల్చుకుని, చిట్టి గాయాల ఫోటో, పండు బరువు ఇక్కడే రాయండి. షెడ్డు కొలతలు కూడా ఇస్తే అడ్డాలు ఎక్కడ పెట్టాలో బొమ్మ గీసి పెడతాను.